పాలీహౌస్‌లో మిత్ర పురుగులు: సీసా మారిస్తే సరిపోదు

2006 చివర్లో స్పెయిన్ నుంచి జర్మనీకి వచ్చిన క్యాప్సికంలో ఐసోఫెన్‌ఫాస్ మిథైల్ అనే పురుగుమందు అవశేషాలు బయటపడ్డాయి. యూరప్‌లో ఆ మందుకు అనుమతి లేదు. వార్త పత్రికలకెక్కగానే జర్మన్ సూపర్ మార్కెట్లు స్పెయిన్ సరుకును అనుమానంగా చూడటం మొదలుపెట్టాయి. ఆ క్యాప్సికంలో సింహభాగం అల్మెరియా అనే ఒక్క జిల్లా నుంచే వస్తుంది. మధ్యధరా సముద్రం ఒడ్డున దాదాపు 30 వేల హెక్టార్లు ప్లాస్టిక్ కప్పుల కిందే ఉన్న ప్రాంతం అది. అక్కడి రైతులు అప్పటికే ఏళ్ల తరబడి తామర పురుగులతో వేగుతున్నారు. ఏ మందు కొట్టినా కొన్నాళ్లకే పనిచేయడం మానేసేది. డోసు పెంచారు, మందులు కలిపి కొట్టారు, చివరికి కొందరు దొంగ మందుల దాకా వెళ్లారు.

ఆ తర్వాత రెండు మూడు సీజన్లలోనే అల్మెరియా క్యాప్సికంలో అత్యధిక భాగం చీడల్ని చంపే మిత్ర పురుగుల మీద ఆధారపడే సాగుకి మారిపోయింది. ఒక జిల్లా రైతాంగం మొత్తం ఇంత వేగంగా పద్ధతి మార్చుకోవడం వ్యవసాయంలో చాలా అరుదు.

ఈ కథ విన్నవాళ్లు మన దగ్గర సాధారణంగా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఆ పురుగులు ఎక్కడ దొరుకుతాయి? ఎకరానికి ఎన్ని సీసాలు వదలాలి?" మందు కొట్టే అలవాటు లోంచి వచ్చిన ప్రశ్న ఇది. మందు అయితే నీళ్లలో కలిపి కొట్టేస్తే దాని పని అది చేసుకుపోతుంది. మిత్ర పురుగు ప్రాణి. దానికి తిండి కావాలి, తలదాచుకునే చోటు కావాలి, సరిపడే ఎండ, తేమ కావాలి. కాబట్టి "ఈ చీడను ఏ పురుగు తింటుంది?" అన్నది రెండో ప్రశ్న. "నేను వేసిన ఈ మొక్క మీద ఆ పురుగు బతకగలదా?" అన్నది మొదటిది. అల్మెరియా విజయానికీ, అదే పద్ధతి పక్క పంటలో విఫలం కావడానికీ జవాబు ఈ మొదటి ప్రశ్నలోనే ఉంది.

చీడకు పాలీహౌస్ ఎందుకంత ఇష్టం

పాలీహౌస్‌లో మొక్కకు ఎంత సుఖమో చీడపురుగుకూ అంతే సుఖం. వాన పడి ఆకుల మీది నల్లుల్ని కడిగేయదు. చలి లేదు. మేత ఏడాది పొడుగునా లేతగా దొరుకుతుంది. సన్నటి తామర పురుగు 40 మెష్ (అంగుళానికి 40 రంధ్రాలున్న) వలలోంచి తేలిగ్గా దూరిపోతుంది. చీడల్ని తినే అక్షింతల పురుగుల్లాంటి పెద్దవి మాత్రం వల బయటే ఉండిపోతాయి. అంటే మనం తెలియకుండానే శత్రువుని లోపలికి రానిచ్చి మిత్రుణ్ని బయట నిలబెడుతున్నాం.

ఎర్ర నల్లినే తీసుకోండి. 30 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి పెద్ద నల్లి కావడానికి దానికి పది రోజులు కూడా పట్టదు. ఒక్క ఆడ నల్లి తన జీవితంలో వంద దాకా గుడ్లు పెడుతుంది. నాలుగు రోజులకోసారి సంఖ్య రెట్టింపు అవుతుందనుకుంటే, ఒక మూలన మొదలైన 100 నల్లులు 40 రోజుల్లో లక్ష దాటుతాయి. ఇంత వేగంగా తరాలు మారే జీవి మందుకు అలవాటు పడటంలోనూ అంతే వేగం చూపిస్తుంది. మందు తట్టుకున్న నాలుగు నల్లులు మిగిలితే చాలు, తర్వాతి తరం వాటి సంతానమే.

పాలీహౌస్ కూరగాయల్లో ఇంకో చిక్కు కోతలది. కీరదోస రోజు విడిచి రోజు కోస్తాం, క్యాప్సికం వారం పది రోజులకోసారి. మందు కొట్టాక ఇన్ని రోజులు ఆగి కోయాలని లేబుల్ మీద రాసినదాన్ని పాటిస్తే కాయ ముదిరిపోతుంది, పాటించకపోతే అవశేషాలు వినియోగదారుడి పళ్లెంలోకి చేరతాయి. ఈ టెన్షన్ ప్రతి పాలీహౌస్ రైతుకూ తెలిసిందే.

అయితే మూసి ఉన్న ఆ నిర్మాణమే మిత్ర పురుగుకూ కలిసొస్తుంది. ఆరుబయట పొలంలో అక్షింతల పురుగుల్ని కొని వదిలితే మరునాటికి సగం ఎగిరి పక్క చేలోకి పోతాయి. పాలీహౌస్‌లో వదిలింది లోపలే ఉంటుంది, అక్కడే పిల్లల్ని పెడుతుంది. కొని వదిలే మిత్ర పురుగుల వ్యాపారం ప్రపంచంలో ముందుగా గాజు ఇళ్లలోనే నిలదొక్కుకోవడానికి ఇదొక ముఖ్య కారణం.

నల్లబడిన తెల్లదోమ

1926లో ఇంగ్లండ్‌లో ఒక టమాటా పెంపకందారు తన గాజు ఇంట్లో ఆకుల అడుగున తెల్లదోమ పిల్లల్లో కొన్ని నల్లగా మారి ఉండటం చూశాడు. చెషంట్ పరిశోధనా కేంద్రంలో స్పేయర్ అనే కీటక శాస్త్రవేత్త వాటిని పరిశీలిస్తే, ఆ నల్లటి పొక్కుల్లోంచి మిల్లీమీటరు కూడా లేని కందిరీగలు బయటికొచ్చాయి. వాటి పేరు ఎన్కార్సియా ఫార్మోసా. ఇది తెల్లదోమ పిల్ల లోపల గుడ్డు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ దోమను లోపల్నుంచి తినేసి, పెద్దదై, పైపొరకు కన్నం చేసుకుని బయటపడుతుంది. దీనికి మగవాటితో పనిలేదు. ఒంట్లో ఉండే వోల్బాకియా అనే బ్యాక్టీరియా కారణంగా ఆడవే ఆడవాటిని కంటూ పోతాయి.

1930ల్లో చెషంట్ కేంద్రం ఈ కందిరీగల్ని పెంచి వందల నర్సరీలకు పంపింది. కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లకూ వెళ్లాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక డీడీటీ వచ్చింది. చవక, పైగా కొట్టిన రోజే పురుగు చచ్చి కనబడుతుంది. కందిరీగల పెంపకం మూలన పడిపోయింది. చెయ్యడం తెలిసిన పనిని ఒక తరం పాటు మనుషులు మర్చిపోయారు. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే బాధ కలిగించే ఘట్టం ఇదే.

తిరిగి మొదలైంది ఎర్ర నల్లి వల్ల. 1950ల చివర్లో చిలీ నుంచి జర్మనీకి వచ్చిన ఆర్కిడ్ మొక్కల మీద నారింజ రంగులో మెరిసే, చురుగ్గా పరుగెత్తే ఒక నల్లి కనిపించింది. ఫైటోసీయులస్ పెర్సిమిలిస్ అనే ఈ నల్లి ఎర్ర నల్లి జాతుల్ని తప్ప ఇంకేమీ తినదు. రోజుకు ఐదు పెద్ద నల్లుల్ని, లేదా ఇరవై గుడ్లను తినేస్తుంది. నెదర్లాండ్స్‌లో యాన్ కాపర్ట్ అనే కీరదోస రైతు 1967లో దీన్ని పెంచి అమ్మడం మొదలుపెట్టాడు. ఎర్ర నల్లి మందులకు లొంగకపోవడంతో ఇరుగుపొరుగు రైతులూ కొన్నారు. ఇప్పుడు ప్రపంచమంతా వినబడే కాపర్ట్ కంపెనీ పుట్టుక అదే.

దీనికి మరో ఊపు తుమ్మెదల వల్ల వచ్చింది. గాజు ఇంట్లో గాలి ఉండదు కాబట్టి టమాటా పూలను మనుషులు కంపించే పుల్లలతో కదిపేవాళ్లు. 1980ల్లో రోలాండ్ డి యోంగె అనే బెల్జియం పశువైద్యుడు ఆ పనికి తుమ్మెదల గూళ్లను పెట్టి చూపించాడు. కాయ బాగా పట్టింది, కూలి ఖర్చు తగ్గింది. అయితే తుమ్మెదలు తిరిగే ఇంట్లో ఇష్టమొచ్చిన మందు కొట్టడానికి లేదు. దాంతో అప్పటిదాకా మిత్ర పురుగుల్ని పట్టించుకోని టమాటా రైతులు కూడా ఆ దారికి రాక తప్పలేదు.

క్యాప్సికంలో ఎందుకు కుదిరింది

అల్మెరియా క్యాప్సికంలో ప్రధాన శత్రువులు రెండు: అమెరికా పశ్చిమ తీరం నుంచి 1980ల్లో యూరప్‌కు చేరిన వెస్టర్న్ ఫ్లవర్ థ్రిప్స్ అనే తామర పురుగు, తెల్లదోమ. రెంటి మీదా పనిచేసే జోడీ అక్కడ దొరికింది. ఒకటి ఆంబ్లీసీయస్ స్విర్‌స్కీ అనే పరభక్షక నల్లి, అంటే చీడల్ని వేటాడి తినే నల్లి. రెండోది ఓరియస్ అనే చిన్న కీటకాల జాతి.

స్విర్‌స్కీ తూర్పు మధ్యధరా ప్రాంతంది, వేడికి అలవాటైనది. 2005 ప్రాంతంలోనే మార్కెట్లోకి వచ్చింది. తామర పురుగు లేత పిల్లల్ని, తెల్లదోమ గుడ్లను, పిల్లల్ని తింటుంది. ఆకులు కిందికి ముడుచుకుపోయేలా చేసే తెల్ల నల్లినీ వదలదు. మన మిరప రైతులు కింద ముడత అనే తెగులుకు కారణం ఆ తెల్ల నల్లే కాబట్టి ఈ మాట మనకు ముఖ్యం. అయితే స్విర్‌స్కీ చాలా చిన్నది, పెద్ద తామర పురుగును పట్టలేదు. ఆ పని ఓరియస్ చేస్తుంది. పువ్వులో దూరి కూర్చునే ఈ పురుగు సూది లాంటి ముక్కును పెద్ద తామర పురుగులోకి గుచ్చి రసం పీల్చేస్తుంది. పిల్లల్ని ఒకటి, పెద్దవాటిని ఇంకొకటి చూసుకుంటే చీడకు తప్పించుకునే వయసంటూ మిగలదు.

అసలు గుట్టు మాత్రం క్యాప్సికం పువ్వులో ఉంది. ఆ మొక్క నెలల తరబడి పూస్తూనే ఉంటుంది, పుప్పొడి పుష్కలం. స్విర్‌స్కీ, ఓరియస్ రెండూ చీడలు దొరకనప్పుడు పుప్పొడి తిని బతుకుతాయి, గుడ్లూ పెడతాయి. కాబట్టి తామర పురుగు ఇంకా రాకముందే వాటిని వదలొచ్చు. చీడ లోపల అడుగుపెట్టే సరికి వేలాది పరభక్షకులు ఆకుల మీద కాపురం ఉంటాయి. మొదటి జంట తామర పురుగులు పెట్టిన పిల్లలు పెద్దవయ్యే లోపే ఆకలిగా ఉన్న నల్లి ఎదురవుతుంది. క్యాప్సికం ఆకు అడుగున ఈనెలు చీలే చోట చిన్న చిన్న గుంటల్లాంటివి ఉంటాయి. పరభక్షక నల్లులు అక్కడే దాక్కుని గుడ్లు పెడతాయి. తిండి, ఇల్లు రెండూ మొక్కే ఇచ్చింది.

పెర్సిమిలిస్‌తో దీన్ని పోల్చి చూడండి. అది ఎర్ర నల్లిని తప్ప ఇంకేమీ ముట్టదు కాబట్టి, చీడ రాకముందు వదిలితే ఆకలితో చస్తుంది. వచ్చాక వదిలితే దాన్ని పూర్తిగా ఊడ్చేసి, తర్వాత తనూ పోతుంది. మళ్లీ చీడ వస్తే మళ్లీ కొనాలి. మంట రాజుకున్న చోట పెర్సిమిలిస్‌ను మించింది లేదు. కాపలా ఉండటం మాత్రం దానివల్ల కాదు. కొనేముందు మన చేతిలో ఉన్నది ఈ రెండు రకాల్లో ఏదో తెలుసుకోవాలి. చాలా నష్టాలు ఇక్కడి గందరగోళం వల్లే వస్తాయి.

అదే నల్లి టమాటాలో ఎందుకు ఓడింది

క్యాప్సికంలో అంత బాగా పనిచేసిన స్విర్‌స్కీని టమాటాలో వదిలితే దాదాపు ఏమీ జరగదు. టమాటా కాడను చేత్తో నిమిరితే జిగురు, ఘాటు వాసన అంటుకుంటాయి కదా, అవి కాడల మీది సన్నటి నూగులోని గ్రంథుల నుంచి వచ్చేవి. చిన్న పరభక్షక నల్లి ఆ నూగులో చిక్కుకుని, ఆ జిగురు అంటుకుని చచ్చిపోతుంది. చీడ అదే తెల్లదోమ కావచ్చు, ఉష్ణోగ్రత అంతే ఉండొచ్చు, మొక్క మారింది కాబట్టి ఫలితం మారిపోయింది.

టమాటాకు దొరికిన జవాబు మిరిడ్ కుటుంబపు కీటకాలు. కాళ్లు పొడుగ్గా ఉండి, జిగురు నూగు మీద హాయిగా నడిచే మాక్రోలోఫస్, నెసిడియోకోరిస్ టెన్యూస్ అనేవి. తెల్లదోమను తింటాయి, టమాటా ఆకుల్ని, కాయల్ని తొలిచే టూటా పురుగు గుడ్లను కూడా తింటాయి. దక్షిణ అమెరికా నుంచి 2006లో స్పెయిన్ చేరిన ఈ టూటా 2014లో మన దేశంలో మహారాష్ట్రలో కనిపించి, తర్వాత తెలుగు రాష్ట్రాల టమాటా తోటల్లోకీ వచ్చింది. నెసిడియోకోరిస్ మన టమాటా తోటల్లో సహజంగానే ఉంటుంది. సమస్య ఏమిటంటే చీడ తగ్గిపోగానే ఆ పురుగు మొక్క రసమే పీలుస్తుంది. కాడల చుట్టూ గోధుమరంగు వలయాలు పడతాయి, పూలు రాలతాయి. తెల్లదోమ ఉన్నన్నాళ్లు మిత్రుడు, అది అయిపోయాక శత్రువు. అందుకే స్పెయిన్ రైతులు దాన్ని వదలడమే కాదు, వారం వారం లెక్కపెడతారు కూడా. మరీ ఎక్కువైతే తగ్గించే ఏర్పాటు చేసుకుంటారు. ఏ పురుగునైనా మిత్రుడనో శత్రువనో ఒకసారి ముద్ర వేసి వదిలేసే మన పోస్టర్లు, కరపత్రాలు ఈ విషయంలో రైతుకు సాయం చేయవు.

కీరదోసది ఇంకో కథ. పాలీహౌస్‌లో వేసేవి ఎక్కువగా గింజలేని కాయలిచ్చే రకాలు, అన్నీ ఆడపూలే. పుప్పొడి ఉండదు. కాబట్టి స్విర్‌స్కీ లాంటి నల్లికి బయటి నుంచి తిండి అందించాలి. దానికోసం తవుడు, తవుడులో పెరిగే హానిలేని నల్లులు, వాటిని తినే పరభక్షక నల్లులు మూడూ ఉన్న చిన్న కాగితం పొట్లాలు వచ్చాయి. మొక్కకు తగిలిస్తే చిన్న రంధ్రంలోంచి వారాల పాటు కొద్దికొద్దిగా నల్లులు బయటికొస్తూ ఉంటాయి. ఎన్కార్సియాకు కూడా కీరదోస ఆకు కష్టమే. ఆకు మీది నూగు ఎక్కువై, తెల్లదోమ కార్చిన తేనె బంక దానికి అంటి, ఆ చిన్న కందిరీగ నడక మందగిస్తుంది. నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు నూగు తక్కువున్న కీరదోస రకాల మీద కూడా ఇందుకోసమే పనిచేశారు.

పేనుబంకకు వాడే పద్ధతి నాకు బాగా నచ్చుతుంది. అఫిడియస్ అనే కందిరీగ పేనుబంకలో గుడ్డు పెడితే ఆ పేను ఉబ్బి, గోధుమరంగు గుల్లగా మారిపోతుంది. పేనుబంక రాకముందు ఈ కందిరీగను నిలబెట్టడానికి గాజు ఇంట్లో అక్కడక్కడా కుండీల్లో గోధుమ లేదా బార్లీ మొలకలు పెంచుతారు. వాటి మీద ధాన్యపు పంటలకు మాత్రమే పట్టే పేనును ఎక్కిస్తారు. అది క్యాప్సికం జోలికి, కీరదోస జోలికి రాదు. కందిరీగకు మాత్రం అక్కడ ఎప్పుడూ తిండి సిద్ధం.

ఇవన్నీ ఒకే ఇంట్లో కలిపి వదిలితే వాటిలో అవి కూడా తినుకుంటాయని మర్చిపోకూడదు. పేనుబంకను తినే అఫిడోలెటిస్ అనే చిన్న ఈగ గుడ్లను స్విర్‌స్కీ తినేస్తుంది. కాబట్టి నాలుగు రకాలు కొన్నంత మాత్రాన నాలుగింతల ఫలితం రాదు.

ఎప్పుడు, ఎన్ని, ఏం కొట్టకూడదు

స్విర్‌స్కీని చదరపు మీటరుకు 25 నుంచి 100 దాకా వదులుతారు. ముందుజాగ్రత్తగా అయితే తక్కువ, చీడ కనిపించాక అయితే ఎక్కువ. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. మీటరుకు 50 చొప్పున చూసినా రెండు లక్షల నల్లులు. వినడానికి పెద్ద సంఖ్యే కానీ, ఇందాకటి లెక్కలో 40 రోజులకు లక్ష దాటిన ఎర్ర నల్లిని గుర్తుచేసుకుంటే ఆలస్యం ఎంత ఖరీదో అర్థమవుతుంది. ఆకులు ముడుచుకుని, గూళ్లు అల్లేసిన తర్వాత మిత్ర పురుగుల్ని వదిలి "పనిచేయలేదు" అనడం న్యాయం కాదు. అందుకే ఈ సాగులో అసలు పని చూడటమే. పసుపు, నీలం జిగురు అట్టలు కట్టి వారం వారం లెక్క రాసుకోవాలి. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం జేబులో ఉండాలి. ఆకు అడుగు తిప్పి చూడటం వచ్చిన కూలీ ఒకరుంటే సగం పని అయినట్టే.

ఇక మందుల మాట. పైరిథ్రాయిడ్ జాతి మందులు, అంటే సైపర్‌మెత్రిన్, లామ్డా సైహలోత్రిన్ లాంటివి, ఆకుల మీద రెండు మూడు నెలల దాకా మిత్ర పురుగుల్ని చంపుతూనే ఉంటాయి. చీడకు పనిచేయడం మానేసిన మందు కూడా మిత్ర పురుగుకు విషంగానే ఉండిపోతుంది. అబామెక్టిన్ ప్రభావం అంత కాలం ఉండదు, కానీ తగిలిన రోజున పరభక్షక నల్లిని వదలదు. నారుకు మొదట్లో పోసే ఇమిడాక్లోప్రిడ్ మొక్క రసంలో వారాల పాటు ఉంటుంది. మొక్క రసం కూడా కాస్త పీల్చే ఓరియస్ దానివల్ల దెబ్బతింటుంది. కాబట్టి నారు కొన్నప్పుడే నర్సరీని అడగాలి: ఏం పోశారు, ఎప్పుడు పోశారు? ఈ ఒక్క ప్రశ్న అడగకుండా వేలు పోసి సీసాలు కొనడం వృథా. బూడిద తెగులుకు వాడే గంధకం కూడా పరభక్షక నల్లుల్ని ఇబ్బంది పెడుతుంది. వేప నూనె సహజమైనదే అయినా, తడిసిన నల్లి మిత్రుడైనా శత్రువైనా ఊపిరాడక పోతుంది. బ్యాక్టీరియాతో చేసే బీటీ మందు మాత్రం గొంగళి పురుగుల వరకే పరిమితం, దాంతో ఇబ్బంది తక్కువ.

మందు అసలు ముట్టకూడదని కాదు. అల్మెరియాలోనూ కొడతారు. ఏ మందు, ఏ మూలన, ఏ మిత్ర పురుగు మీద ఎన్నాళ్లు ప్రభావం చూపుతుందో పట్టిక చూసుకుని కొడతారు. కంపెనీలు ఆ పట్టికల్ని రైతు చేతికిస్తాయి. మన పురుగుమందుల దుకాణంలో డబ్బా మీద ఆ సమాచారం ఉండాలి. నా దృష్టిలో ఇది లేకపోవడం మనకున్న పెద్ద లోటు.

మన ఎండలో ఎవరు నిలుస్తారు

ఏప్రిల్, మే నెలల్లో మన పాలీహౌస్ లోపల 40 డిగ్రీలు దాటడం మామూలే. పెర్సిమిలిస్ 30 దాటితే నీరసపడుతుంది, తేమ 60 శాతం కంటే తగ్గితే దాని గుడ్లు సరిగా పొదగవు. ఎర్ర నల్లికేమో ఆ పొడి వేడే ఇష్టం. ఎన్కార్సియా ఫార్మోసాకు ఇంగ్లండ్ గాజు ఇళ్ల తెల్లదోమ అంటే ఇష్టం, మన దగ్గర ఎక్కువగా ఉండే బెమీసియా రకం తెల్లదోమ మీద దాని పని అంతంత మాత్రం. అంటే యూరప్ జాబితాను యథాతథంగా తెచ్చుకుంటే మనకు నష్టమే. పైగా 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం విదేశీ మిత్ర పురుగుల్ని అనుమతి లేకుండా దేశంలోకి తేవడానికి లేదు. ఎవరో సీసాలో తెచ్చామంటే కొనకండి. ఇక్కడి జీవులకు ఏం హాని చేస్తుందో పరీక్షించకుండా కొత్త ప్రాణిని వదలడం, కొత్త చీడను తెచ్చినంత ప్రమాదం.

మనకు మనవే ఉన్నాయి. నియోసీయులస్ లాంగిస్పినోసస్ అనే ఆసియా పరభక్షక నల్లి ఎర్ర నల్లిని బాగా తింటుంది, మన వాతావరణానికి అలవాటు పడింది. బ్లాప్టోస్టెథస్ పాలెసెన్స్ ఓరియస్‌కు దగ్గరి చుట్టం. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల బ్యూరో దీన్ని బియ్యపు చిమ్మెట గుడ్ల మీద పెంచే పద్ధతి తయారుచేసింది. ఆ బ్యూరో మిత్ర పురుగుల మూల సంతతిని కూడా ఇస్తుంది. అల్లిక రెక్కల పురుగు, ట్రైకోగ్రామా కార్డులు మన రైతులు ఎరిగినవే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య నిర్వహణ సంస్థలో వీటిని రైతు స్థాయిలో పెంచుకోవడం నేర్పిస్తారు. అంబాజీపేట ఉద్యాన పరిశోధనా కేంద్రం కొబ్బరి చీడల మీద మిత్ర పురుగుల్ని పెంచి ఇవ్వడంలో ఏళ్ల అనుభవమున్న చోటు.

కొబ్బరి మాట వచ్చింది కాబట్టి ఒక విషయం. 2016లో తమిళనాడు పొల్లాచ్చిలో కనిపించి తర్వాత గోదావరి జిల్లాలకూ పాకిన సర్పిలాకార తెల్లదోమ వెంటే, దాన్ని తినే ఎన్కార్సియా గ్వాడెలూపే అనే కందిరీగ కూడా ఎవరూ తేకుండానే మన దేశంలో కనిపించింది. మందులు కొట్టి ఆ కందిరీగను చంపుకోవద్దని శాస్త్రవేత్తలు చెప్పింది అందుకే. దీనికి పూర్తి విరుద్ధమైన అనుభవం మిరపలో చూశాం. 2021లో గుంటూరు, ఖమ్మం మిరప తోటల్ని నల్ల తామర పురుగు కమ్మేసినప్పుడు, దిక్కుతోచక రోజు విడిచి రోజు ఏది దొరికితే అది కొట్టిన రైతులున్నారు. వాళ్లను తప్పుపట్టలేం, అప్పులు కళ్లముందున్నాయి. కానీ అన్ని మందుల తర్వాత ఆ తోటల్లో మిత్ర పురుగనేది మిగిలే వీలు లేకపోయింది. అదే నల్ల తామర ఇప్పుడు క్యాప్సికంనూ ఆశిస్తోంది.

ఒక హద్దు ఉందని కూడా చెప్పాలి. చీడ మొక్క రసం తాగడం వల్ల వచ్చే నష్టాన్ని మిత్ర పురుగులు ఆపగలవు. వైరస్ మోసుకొచ్చే చీడ దగ్గర వాటి శక్తి తగ్గుతుంది. తెల్లదోమ మోసే ఆకుముడత వైరస్, తామర పురుగు మోసే మొవ్వుకుళ్ళు వైరస్ సోకడానికి కొద్ది పురుగులు చాలు, పరభక్షకుడు వాటిని తినే లోపే పని అయిపోతుంది. అల్మెరియాలో కూడా వైరస్‌ను తట్టుకునే క్యాప్సికం రకాలు అందుబాటులో ఉండటం వల్లే మిత్ర పురుగులకు ఊపిరి దొరికింది. మనకూ తట్టుకునే రకం, చిరుగుల్లేని వల, రెండు తలుపుల ద్వారం, చుట్టూ కలుపు లేకుండా చూడటం ముందు. ఆ తర్వాతే సీసా.

మొదలుపెట్టదలిచినవాళ్లు క్యాప్సికంతో మొదలుపెట్టడం మంచిది, మొక్కే సగం సాయం చేస్తుంది. వేడి తగ్గి పంట పూతకొచ్చే కాలం చూసుకోండి. సరఫరా చేసేవాళ్లు పెంచిన చోటి నుంచి మీ చేతికి ఎన్ని రోజుల్లో వస్తుందో, దారిలో చల్లగా ఉంచుతారో లేదో ముందే అడగండి, ఎందుకంటే ఎండలో బస్సు డిక్కీలో ఒక మధ్యాహ్నం గడిపిన నల్లులు చచ్చే వస్తాయి. వచ్చిన సీసాను నెమ్మదిగా దొర్లించి, కొద్దిగా తెల్ల కాగితం మీద పోసి భూతద్దంతో చూడండి. పరభక్షక నల్లులు చురుగ్గా పరుగెత్తుతూ కనబడాలి. కదలిక లేకపోతే వీడియో తీసి ఆ రోజే తిప్పి పంపండి. బాగుంటే సాయంత్రం ఎండ తగ్గాక, తడి లేని ఆకుల మీద, వరుస వరుసకూ చల్లండి. తామర పురుగు వల్ల ఆకులు పైకి ముడుచుకున్న (పై ముడత) మొక్కల దగ్గర కాస్త ఎక్కువ వేయండి. ఆ మొక్కలకు గుర్తు కట్టి, వారం తర్వాత అవే మొక్కల మీద చీడ ఎన్ని, మిత్రులు ఎన్ని అని లెక్క రాయండి. తర్వాతి విడత ఎంత కావాలో ఆ లెక్కే చెబుతుంది.